పిచ్చుక దారి చూపిన సలీం అలీ

బదిలీ మీద బస్తర్ వచ్చిన మన ఇళ్లకు ఇక్కడ కొత్తగా దొరికిన వసతి పెరడు. విశాఖలోనో హైదరాబాదులోనో మూడో అంతస్తులో ఉండి వచ్చినవాళ్లకు, వంటింటి తలుపు తీయగానే జామచెట్టు, మునగచెట్టు, ప్రహరీగోడ, గోడ అవతల సాలచెట్లు కనబడడం కొన్నాళ్లు వింతగానే ఉంటుంది. ఆ గోడ మీద మేము ఒక మట్టి మూకుడులో గుప్పెడు నూకలు, ఇంకో మూకుడులో నీళ్లు పెట్టాం. మొదటి రెండు రోజులు ఏ పిట్టా రాలేదు. మూడో రోజు ఒక కాకి వచ్చి, మూకుడు చుట్టూ నడిచి, అనుమానంగా నాలుగు గింజలు పొడుచుకుని వెళ్లింది. నాలుగో రోజు నుంచి యుద్ధమే.

కాకి ఉన్నంతసేపు ఇంకెవరూ దిగరు. అది లేవగానే గోరింకల జంట దిగుతుంది. గోరింకకు తినడం మీదకన్నా పక్కవాళ్లను తరమడం మీదే ధ్యాస ఎక్కువ. అది ఒకవైపు తరుముతుంటే పిచ్చుకలు రెండోవైపు నుంచి వచ్చి తలా ఒక గింజ లాక్కుపోతాయి. హిందీలో సాత్ భాయీ అనే మట్టిరంగు పిట్టలు ఏడెనిమిది కలిసి కలకలం చేస్తూ దిగితే గోరింకైనా తప్పుకోవలసిందే. అదే పిట్ట ఒంటరిగా వస్తే దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు. గువ్వ ఈ గొడవల్లో తలదూర్చదు. గోడ కింద రాలిన నూకలు ఏరుకుంటుంది. సాయంత్రానికి అందరికన్నా దాని పొట్టే నిండుగా ఉంటుందని మా అనుమానం. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్న సామెత కూడా ఒకరోజు కళ్లారా చూడబోయి తప్పింది. ఆ రోజే మూకుడును గోడ మీంచి తీసి, ఎత్తైన ఇనుప గొట్టం మీదికి మార్చాం.

ఎవరు వచ్చారు, ఎవరిని ఎవరు తరిమారు, ఎవరు కాచుకుని కూర్చున్నారు అని ఒక పాత నోటుబుక్కులో రాస్తూ ఉంటే, పనిలేని పని అని ఇంట్లో పెద్దవాళ్లు నవ్వారు. అందుకే ఈసారి మన తెలుగు విభాగంలో సలీం అలీ గురించి రాయాలనుకున్నాం. మన దేశంలో పక్షుల చదువుకు పెద్ద దిక్కు అయిన ఆ మనిషి, తన పేరు నిలిపిన పరిశీలనల్లో ఒకదాన్ని సరిగ్గా ఇలాగే చేశాడు. ఇంటి దగ్గర కూర్చుని, పిట్టల పోటీ చూస్తూ, చేతిలో ఉద్యోగం లేని రోజుల్లో.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. పెద్ద కుటుంబంలో ఆఖరి బిడ్డ. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్లకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, అత్త హమీదా బేగం పిల్లలందరినీ పెంచారు. వాళ్లకు సొంత పిల్లలు లేరు. ఖేత్‌వాడీలోని ఆ ఇంట్లో తల్లిదండ్రులు లేని పిల్లలు, దూరపు చుట్టాల పిల్లలు అందరూ కలిసి పెరిగారు. మామకు వేట సరదా. అప్పట్లో డబ్బున్న ఇళ్లలో అది మామూలు. సలీంకు కూడా ఒక ఎయిర్‌గన్ దొరికింది. దానితో పిచ్చుకలను కొట్టడం అతని ఆట.

ఈ మాట చదవగానే మనలో కొందరికి మనసు చివుక్కుమంటుంది. అనాలి కూడా. కానీ ఈ కథ అక్కడే మొదలైంది కనుక దాన్ని దాచి చెప్పడం కుదరదు.

సుమారు పదేళ్ల వయసులో అతను కొట్టిన పిచ్చుకల్లో ఒకటి వేరుగా కనబడింది. దాని గొంతు మీద పసుపుపచ్చ మచ్చ ఉంది. దీన్ని తినవచ్చా, తినకూడదా అని మామను అడిగాడు. అది ఏ పిట్టో మామకూ తెలియలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో సభ్యుడు కనుక, అక్కడి కార్యదర్శి మిల్లార్డ్‌కు ఒక ఉత్తరం రాసి పిల్లవాణ్ణి పంపారు. ఆ రోజుల్లో ఒక ఇంగ్లీషు దొర గదిలోకి ఒంటరిగా వెళ్లడమంటే పదేళ్ల పిల్లవాడికి కాళ్లు వణికే పనే. మిల్లార్డ్ విసుక్కోలేదు. పిట్టను చూసి పేరు చెప్పి, బీరువాల సొరుగులు ఒక్కొక్కటే లాగి, గడ్డి కూరి భద్రపరచిన వందల పక్షులను చూపించాడు. చదవడానికి పుస్తకాలు ఇచ్చాడు. పక్షిని ఎలా భద్రపరచాలో, వివరాలు ఎలా రాయాలో నేర్పించే ఏర్పాటు చేశాడు. చాలా దశాబ్దాల తరవాత సలీం అలీ తన ఆత్మకథకు ఒక పిచ్చుక పతనం అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారంటే, ఆ పసుపు మచ్చ పిచ్చుకను ఆయన ఎప్పుడూ మరచిపోలేదన్నమాట.

ఇంచుమించు ఆ కాలంలోనే జరిగిన ఇంకొక సంగతి మాకు దానికన్నా ముఖ్యంగా అనిపించింది. సముద్రం దాటితే బొంబాయికి ఎదురుగా అలీబాగ్ దగ్గర కిహిం అనే పల్లె ఉంది. సెలవులకు కుటుంబమంతా అక్కడికి వెళ్లేవాళ్లు. అక్కడి గుర్రపుశాల గోడలో ఒక కంత, ఆ కంతలో పిచ్చుక గూడు. ఆడపిచ్చుక లోపల గుడ్ల మీద కూర్చుంటే, మగది బయట ఒక మేకు మీద కాపలా కాస్తోంది. పిల్లవాడు బండి చాటున దాక్కుని ఆ మగదాన్ని కొట్టాడు. కొద్దిసేపటికే ఆ మేకు మీద ఇంకో మగపిచ్చుక వచ్చి కూర్చుంది. దాన్నీ కొట్టాడు. మళ్లీ ఇంకోటి. ఇలా ఏడు రోజుల్లో ఎనిమిది మగపిచ్చుకలు. ప్రతిసారీ ఖాళీ అయిన చోటికి రావడానికి ఒకటి ఎక్కడో సిద్ధంగా కాచుకునే ఉంది.

చేసింది క్రూరమైన పనే. కానీ ఆ పిల్లవాడు కొట్టి ఊరుకోలేదు, చూసింది చూసినట్టు రాసిపెట్టాడు. ఆ నాలుగు ముక్కలు చాలా ఏళ్లకు అచ్చులోకి వచ్చాయి. ఎందుకంటే వాటిలో ఒక నిజం ఉంది. గూడు పెట్టుకోవడానికి మంచి కంతలు తక్కువ, వాటిని కోరే పిచ్చుకలు ఎక్కువ. మనకు కనబడే జంట వెనక, చోటు దొరకక తిరిగే పిట్టలు ఎన్నో ఉంటాయి. మా మూకుడు దగ్గర కూడా తింటున్న గోరింకను చూసినంత శ్రద్ధగా, మునగకొమ్మ మీద తన వంతు కోసం కూర్చున్నదాన్ని చూడాలని మాకు తెలిసింది ఈ సంగతి చదివాకే.

చదువులో సలీం అలీ చురుకైన విద్యార్థి కాదు. తీవ్రమైన తలనొప్పులతో బడి మధ్యలో మానవలసి వచ్చింది. గాలి మార్పు కోసం సింధు ప్రాంతంలో ఉన్న బంధువు దగ్గరికి పంపారు. 1913లో మెట్రిక్యులేషన్ అతికష్టం మీద గట్టెక్కింది. కాలేజీ కొద్దికాలమే. 1914లో బర్మాలోని తవాయ్‌కు వెళ్లి, కుటుంబానికి ఉన్న గనుల పని, కలప వ్యాపారం చూసుకోవడంలో పడ్డారు. వ్యాపారం ఏమీ కలిసిరాలేదు. చుట్టూ ఉన్న అడవి మాత్రం కలిసివచ్చింది. తిరిగి వచ్చి బొంబాయిలో వాణిజ్యం, లెక్కలు చదువుతూనే, సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం చదివారు. 1918 డిసెంబరులో తహ్మినాతో పెళ్లయింది.

జంతుశాస్త్రంలో పెద్ద డిగ్రీ లేదు కాబట్టి కోరుకున్న ప్రభుత్వ ఉద్యోగం రాలేదు. 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో, చూడడానికి వచ్చినవాళ్లకు వివరించి చెప్పే ఉద్యోగం దొరికింది. రెండేళ్లకు సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే గొప్ప పక్షి శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకున్నారు. చచ్చిన పక్షుల తోళ్లను పోల్చి పేర్లు పెట్టడమే శాస్త్రం అని ఎక్కువమంది అనుకునే రోజులవి. బతికున్న పక్షి ఏం చేస్తోంది, ఎందుకు చేస్తోంది అని అడగడం కూడా శాస్త్రమేనని ఆయనకు అక్కడ గట్టిగా తెలిసింది.

ఇంచుమించు ఆ కాలంలోనే నార్వేలో ష్యెల్డెరుప్-ఎబ్బె అనే ఆయన కోళ్ల గూట్లో ఏ కోడి ఏ కోడిని పొడుస్తుందో లెక్క రాసి, కోళ్లకు కూడా పెద్దా చిన్నా వరస ఉంటుందని చూపించాడు. ఆయన కోళ్లను గమనించడం మొదలుపెట్టింది చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే. మా నోటుబుక్కును చూసి నవ్వినవాళ్లకు ఈ సంగతి కూడా చెప్పాం.

1930లో సలీం అలీ ఇండియాకు తిరిగి వచ్చేసరికి ఉద్యోగం లేదు. డబ్బు లేదని మ్యూజియం ఆ పోస్టునే తీసేసింది. వయసు ముప్పై నాలుగు దగ్గర పడుతోంది. జర్మనీలో చదివిన చదువు ఉంది, దానికి జీతం ఇచ్చేవాళ్లు లేరు. బొంబాయిలో ఇల్లు నడపడం కష్టమని భార్యాభర్తలు చిన్ననాటి కిహింకు మారారు. మన ఇళ్లలో బదిలీ అంటే కనీసం కొత్త ఊళ్లో పని ఖాయంగా ఉంటుంది. వాళ్లది పని లేని మకాం మార్పు.

ఆ ఇంటి దగ్గర చెట్లకు ఆ వానాకాలం గిజిగాళ్లు గూళ్లు అల్లడం మొదలుపెట్టాయి.

గిజిగాడు మన తెలుగువాళ్లకు కొత్త కాదు. జాషువా గారు దాని మీద పద్యాలు రాశారు, మనలో కొందరు వాటిని పాఠంగా చదివారు. తాటిచెట్ల కొమ్మలకు, నీటి మీదికి వంగిన తుమ్మలకు పొడుగు మెడ సీసాల్లా వేలాడే గూళ్లను ఊరికి వెళ్లినప్పుడు రైల్లోంచి చూస్తాం. గడ్డిపోచను, వరి ఆకును, తాటాకును ఈనెలుగా చీల్చి, ముక్కుతో ముడివేసి అల్లే ఆ పనితనాన్ని అందరూ పొగిడారు. ఆ గూట్లో కాపురం ఎలా నడుస్తుందో మాత్రం ఎవరూ సరిగ్గా చూడలేదు. ఒక మగది, ఒక ఆడది, వాళ్లదొక గూడు అనే అనుకునేవాళ్లు.

సలీం అలీ రోజుల తరబడి, గంటల తరబడి చాటున కూర్చుని చూశారు. ఏ గూడు ఏ మగదిది, ఏ రోజు ఎంతవరకు అల్లింది, ఏ ఆడది ఎప్పుడు వచ్చింది అని ఒక్కొక్కటే రాసుకున్నారు. చూస్తే కథ వేరేగా ఉంది. మొదట మగపక్షులే వస్తాయి. ఒక్క ఆడదీ కనబడదు. మగవన్నీ ఒకే చెట్టు మీద పోటీపడి అల్లుతాయి. పక్కవాడు పోచ కోసం పొలానికి వెళ్లగానే వాడి గూటి పోచలు పీక్కొచ్చి తన గూట్లో అల్లుకునే దొంగలూ ఉన్నారు. గూడు సగమై, బోర్లించిన టోపీలా ఉన్నప్పుడు ఆడపక్షుల గుంపు వచ్చి దిగుతుంది. మగవన్నీ రెక్కలు కొట్టుకుంటూ అరుస్తూ గోల చేస్తాయి. ఆడది తొందరపడదు. లోపలికి దూరి చూస్తుంది, బయటికి వస్తుంది, ఇంకో గూటికి వెళ్తుంది. నచ్చితేనే ఉంటుంది. ఎంపిక దానిదే. ఒకే గూడు కోసం రెండు ఆడవి కొట్లాడుకోవడమూ ఉంది. ఎవరికీ నచ్చని గూడు సగంలోనే మిగిలిపోతుంది.

ఒక ఆడది గూటిని సొంతం చేసుకున్నాక మగది ఆ గూటికి పొడుగు గొట్టం అల్లి పూర్తిచేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి పొదగడం మొదలుపెట్టగానే, మగది అక్కడే ఉండి సాయం చేస్తుందనుకుంటాం. చెయ్యదు. పక్కనే రెండో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడదాన్ని పిలుస్తుంది. కుదిరితే మూడోది. పొదగడం ఆడదాని వంతు. కొమ్మకు సగంలో వదిలేసిన గూళ్లు ఎందుకు కనబడతాయన్న ప్రశ్నకు కూడా దీంతో జవాబు దొరికింది. 1931లో సొసైటీ పత్రికలో ఈ పరిశీలన అచ్చయింది. ఒక్క పక్షిని కూడా చంపకుండా, కేవలం చూసి, ఎవరూ అనుకోనిది చెప్పిన వ్యాసం అది. గుర్రపుశాల దగ్గరి పిల్లవాడు అప్పటికి ఎంత దూరం వచ్చాడో దాన్నిబట్టి తెలుస్తుంది. అయితే శాస్త్రం కోసం పక్షులను సేకరించడం ఆయన తరవాత కూడా మానలేదు. అప్పటి పద్ధతి అదే, దాన్ని ఆయన దాచుకోనూ లేదు.

కిహింలో ఉండగానే ఆయన ఇంకో రెండు సంగతులు చూశారు. మామిడికొమ్మల మీద పెరిగే బదనిక అందరికీ తెలుసు. దాని పువ్వుల తేనె కోసం తేనెపిట్టలు వస్తాయి, అలా పరాగం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చేరుతుంది. దాని పండ్లను బొటనవేలంత ఉండే మరో చిన్న పిట్ట తింటుంది. లోపలి గింజ జిగురు జిగురుగా ఉండి అంత తేలిగ్గా వదలదు, పిట్ట దాన్ని కొమ్మకేసి రుద్ది వదిలించుకుంటుంది. కొమ్మకు అంటిన ఆ గింజే కొత్త బదనిక. రెండోది, పువ్వులకూ పక్షులకూ ఉన్న పొత్తు. దీని మీద 1932లో పెద్ద వ్యాసం రాశారు. మోదుగ, బూరుగ వంటి ఎర్రటి పూల చెట్లకు ఏయే పక్షులు వస్తాయో అందులో లెక్క ఉంది.

ఈ రెండో సంగతి బస్తర్‌లో ఉన్న మనకు చదవకుండానే కళ్ల ముందు ఉంది. మాఘ ఫాల్గుణాల్లో ఆకులన్నీ రాల్చి, ఎర్రటి దొన్నెల్లాంటి పూలతో నిలబడే బూరుగచెట్టు కన్నా పెద్ద మూకుడు ఎక్కడా లేదు. కాకులు, గోరింకలు, పిగిలిపిట్టలు, రామచిలుకలు, తేనెపిట్టలు, ఉడుతలు, ఒక్క చెట్టు మీదే ఒకరినొకరు తరుముకుంటూ ఉంటాయి. ఆ పువ్వులో తల దూర్చిన పిట్ట నుదుటికి పరాగం అంటుకుంటుంది. తగవులో ఓడి లేచిన పిట్ట ఆ పరాగంతోనే ఇంకో చెట్టు మీద వాలుతుంది. అందరూ మర్యాదగా ఒకేచోట కూర్చుని తింటే చెట్టుకు అంత లాభం ఉండేది కాదేమో. గొడవ పిట్టలది, లాభం బూరుగుది.

మళ్లీ ఆయన ఉద్యోగం సంగతికి వద్దాం. ఉద్యోగం వెతకడం మాని సలీం అలీ తనే ఒక పని కల్పించుకున్నారు. సంస్థానాల్లో ఏ పక్షులు ఎక్కడ ఉన్నాయో ఎవరికీ పూర్తిగా తెలియదు. నాకు జీతం అక్కర్లేదు, క్యాంపు ఖర్చులు మీరు పెట్టుకుంటే సర్వే నేను చేస్తాను అన్నది ఆయన పెట్టిన షరతు. మొదట ఒప్పుకున్న వాటిలో మన హైదరాబాదు సంస్థానం ఉంది. 1931, 32లలో ఆయన, తహ్మినా గుడారాలు వేసుకుంటూ తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలన్నీ తిరిగారు. నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమి కూడా అందులో ఉంది. తరవాత కొచ్చిన్, తిరువాన్కూరు. ఇలా ఏళ్లకేళ్లు క్యాంపుల్లోనే గడిచాయి. సామాన్లు కట్టడం, విప్పడం, కొత్త ఊరి నీళ్లు, కొత్త భాష. మనకు అలవాటైన బతుకే.

ఆ క్యాంపులన్నిటిలో ఆయనకు తోడు నిలిచిన తహ్మినా 1939లో ఒక చిన్న ఆపరేషన్ తరవాత చనిపోయారు. వాళ్లకు పిల్లలు లేరు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అక్క, బావగారి ఇంట్లో ఉంటూ పని సాగించారు. రెండేళ్లకు, 1941లో, భారతదేశపు పక్షుల మీద ఆయన రాసిన పుస్తకం వచ్చింది. రంగు బొమ్మలతో, తేలిక మాటలతో, పేరు తెలియని పిట్టను మామూలు మనిషి కూడా గుర్తుపట్టగలిగేలా రాసిన పుస్తకం. మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉంది. మన విద్యాలయాల గ్రంథాలయాల్లో వెతికితే దొరకవచ్చు.

1949లో ఆయన బస్తర్ వచ్చారు. అప్పటికి బస్తర్ సంస్థానం ఇండియాలో కలిసి ఏడాది దాటింది. కిరండూల్ నుంచి కొత్తవలస దాకా ఇనుప ఖనిజం మోసే రైలుమార్గం ఇంకా లేదు. బైలదిల గనులూ తెరవలేదు. సాలవనాలు, ఇంద్రావతి, కాంగేర్ లోయ ఉన్నాయి. ఇక్కడి కొండగోరింక ఉంది. దీన్ని మనం బస్తర్ మైనా, పహాడీ మైనా అంటున్నాం. నల్లగా నిగనిగలాడే ఒళ్లు, తల వెనక పసుపుపచ్చని తోలు మడతలు, నారింజరంగు ముక్కు. పెరటి గోరింకకు దూరపు చుట్టం, కానీ మన మూకుడు దగ్గరికి రాదు. ఎత్తైన చెట్ల మీదే ఉండి, పండ్లూ పూల తేనె తిని, చెట్టు తొర్రలో గూడు పెడుతుంది. ఈ ప్రాంతపు కొండగోరింకకు శాస్త్రంలో వేరే పేరు 1933లో పెట్టారు. పెట్టినవారు హ్యూ విస్లర్, కినియర్. ఆ విస్లరే సలీం అలీ హైదరాబాదు సర్వేకు వివరణలు రాసి సాయపడిన మనిషి.

కొండగోరింకకు వచ్చిన ముప్పు దాని గొంతే. పంజరంలో పెంచితే మనిషి మాటను అచ్చం అలాగే పలుకుతుంది. అడవిలో ఉన్నప్పుడు మన మాటలు పలకదు, దాని ఈలలు దానివి. మాట్లాడించాలనే సరదాకు తొర్రల్లోంచి పిల్లలను తీసి అమ్మేవాళ్లు. తొర్రలున్న ముసలి చెట్లు తగ్గాయి. గుర్రపుశాల గోడలో కంత కోసం ఎనిమిది మగపిచ్చుకలు కాచుకున్నాయి కదా. ఇక్కడ కథ తిరగబడింది, ఖాళీ అయిన తొర్రకు కాచుకున్న కొండగోరింకలు మిగలలేదు. ఇప్పుడు ఇది ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి. దీన్ని పట్టడం, పంజరంలో పెట్టడం నేరం. కాంగేర్ లోయకు విహారయాత్ర వెళ్లినప్పుడు తీరథ్‌గఢ్ జలపాతం దగ్గర ఫొటోలు అయిపోయాక, మనలో ఎంతమంది తలెత్తి చెట్ల పైకొమ్మలు చూశారో ఎవరికి వారు చెప్పుకోవాలి.

ఆ తరవాత సలీం అలీ పేరు దేశమంతా తెలిసింది. ఆ సంగతులు త్వరగా చెప్పేస్తాం. 1950లో స్వీడన్‌లో జరిగిన పక్షి శాస్త్రవేత్తల సమావేశానికి తన మోటారుసైకిల్‌ను ఓడలో వేసుకెళ్లి, యూరప్‌లో దాని మీదే తిరిగారు. అప్పటికి ఆయన వయసు 53. 1959లో సొసైటీ తరఫున వలస పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగే పని మొదలైంది. ఉంగరం మీద ఒక సంఖ్య, దొరికితే బొంబాయికి తెలియజేయమన్న మాట ఉంటాయి. ఎన్ని ఊళ్లు తిరిగినా చిరునామా కాలికే ఉండే పక్షులన్నమాట. అమెరికన్ శాస్త్రవేత్త డిలన్ రిప్లీతో కలిసి భారత ఉపఖండపు పక్షుల మీద పది సంపుటాల గ్రంథం రాశారు. చివరి సంపుటం 1974లో వచ్చింది. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్. పెద్ద పెద్ద బహుమతుల డబ్బు వస్తే సొసైటీకే ఇచ్చేశారు.

భరత్‌పూర్ సంగతి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. అక్కడి చిత్తడి నేలలో చలికాలం లక్షల బాతులు దిగేవి. మహారాజులు, వైస్రాయిలు వాటిని వేటాడేవాళ్లు. 1938 నవంబరు 12న, అంటే సలీం అలీ పుట్టినరోజునే, ఒక్కరోజులో 4,273 పక్షులను కొట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ నీళ్లు తీసేసి భూమిని సాగుకు పంచాలని చుట్టుపక్కల రైతులు అడిగారు. సలీం అలీ నెహ్రూకు నచ్చజెప్పి దాన్ని పక్షులకు నిలిపారు. తరవాత అది జాతీయ ఉద్యానవనం అయింది. గేదెలు మేస్తే పక్షులకు తిండి తగ్గుతుందని, మేతను ఆపాలని ఆయనతో సహా చాలామంది నమ్మారు. 1982లో మేత ఆపేశారు. గ్రామస్థులు ఎదురుతిరిగారు, కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. తీరా చూస్తే, గేదెలు లేక నీళ్ల మీద గడ్డి దట్టంగా పెరిగి పక్షులకు దిగే చోటు తగ్గింది. ఈ మాట తేల్చింది సొసైటీ శాస్త్రవేత్తలే, ఏళ్ల తరబడి చూసి. పోటీదారులనుకున్న గేదె, బాతు నిజానికి పొత్తు మీద ఉన్నాయి. ఎవరు ఎవరికి పోటీయో ముందే నిర్ణయించుకుని చూస్తే ఎంత పెద్దవారికైనా తప్పిపోతుంది. కిహింలో గిజిగాడి ముందు కూర్చున్నప్పుడు ఆయన అలా నిర్ణయించుకోలేదు. అందుకే మాకు ఆ సలీం అలీ ఎక్కువ ఇష్టం.

1985లో ఆయనను రాజ్యసభకు నామినేట్ చేశారు. ఆత్మకథ కూడా ఆ ఏడాదే వచ్చింది. మరుసటి జనవరిలో మన కడప జిల్లా నుంచి ఒక వార్త. 1900 తరవాత ఎవరి కంటా పడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి సిద్ధవటం దగ్గరి ముళ్లపొదల్లో మళ్లీ కనబడింది. పట్టింది ఊరివాళ్లు, గుర్తించింది సొసైటీ శాస్త్రవేత్త. దాని కోసం దశాబ్దాలుగా వెతికించిన సలీం అలీకి అప్పటికి ఎనభై తొమ్మిదేళ్లు. రాత్రిపూట తిరిగే ఆ పిట్ట ఎక్కడుంటుందో శాస్త్రవేత్తలకన్నా ముందు ఆ ఊరివాళ్లకు తెలుసు.

1987 జూన్ 20న బొంబాయిలో సలీం అలీ కన్నుమూశారు. 2016లో తూర్పు హిమాలయాల్లో ఒక పక్షికి ఆయన పేరు పెట్టారు. అది ఎవరూ చూడని పక్షేం కాదు. అచ్చం దానిలాగే ఉండే ఇంకో పక్షితో కలిపి ఒకటే అనుకుంటూ వచ్చారు. ఒకటి చెట్లు లేని ఎత్తుల్లో గరుకు గొంతుతో, ఇంకొకటి కింద అడవిలో తీయగా పాడుతోందని కొందరు నిలబడి విన్నారు. అడవిలో తీయగా పాడేదానికి ఇప్పుడు సలీం అలీ పేరు.